ఒకటిన్నరకీ రెండుకీ నడుమ

మా స్కూల్లో కొత్తగా చేరిన కీబోర్డు సారు వచ్చిన మూడో రోజే నా ఫిడేలు మీద నేరం మోపారు. పంద్రాగస్టు పాటలకి పిల్లల చేత ప్రాక్టీసు చేయిస్తున్నాం. నా ఫిడేలూ ఆయన కీబోర్డూ ఎంతకీ కలవడం లేదు. ఆయన ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, "ఏదీ మేడమ్, ఒక్కసారి సా పట్టుకోండి" అన్నారు. పట్టుకున్నాను. ఫోన్‌లో ముల్లు కాసేపు వణికి, రెండు గీతలకి నడుమ ఆగిపోయింది.

"మీది ఒకటిన్నర శృతీ కాదు, రెండూ కాదు. ఈ శృతి ఎక్కడా లేదు మేడమ్."

"ఉందండి."

"ఎక్కడ?"

"అరకు దగ్గర ఒక కొండ ఊళ్ళో."

ఆయన హాస్యం అనుకుని నవ్వారు. నేనూ నవ్వేసి, బిరడా తిప్పి ఆయన కీబోర్డుకి కలిపాను. గదికి వెళ్ళాక మళ్ళీ మామూలు చోటికి దించుకున్నాను. పార్వతీపురంలో నేనుండేది ఒక్క గది. సాయంత్రాలు అక్కడ నాతో కలిసి వాయించేవాళ్ళెవరూ ఉండరు గనక నా శృతి ఎక్కడున్నా అడిగే దిక్కు లేదు.

ఆ వారమే ఫోనొచ్చింది. ఒకప్పుడు అరకులో మా బృందంలో తుడుము వాయించినతను. తుడుమంటే కుండంత పెద్ద డప్పు. ఇప్పుడతను జి.మాడుగులలో జీపు నడుపుతున్నాడు.

"అన్న పోనాడు," అన్నాడు.

"ఎప్పుడు?"

"మొన్న. జొరమన్నారు. దహనం కూడా అయిపోనాది."

"మోరి ఎవరు ఊదారు?"

"ఎవురూదుతారు? గింజ నేలలో ఉన్నాది కదా," అన్నాడు.

మోరి అంటే సన్నాయి లాంటిదే, కొంచెం పొట్టి, గొంతు బాగా గట్టి. అన్న వాళ్ళ ఊళ్ళో ఒక కట్టుబాటుంది. పక్క ఊళ్ళో లేదు, ఆ ఊళ్ళోనే. కొర్ర విత్తనం చల్లిన రోజు నుంచి కొత్త కొర్రలు వండుకునే కొర్రకొత్త పండుగ దాకా మోరి ఊదరు. మోరి వింటే గాలి లేస్తుందట, గాలి లేస్తే పూత రాలిపోతుందట. ముప్పై ఏళ్ళుగా ఆ చుట్టుపక్కల పెళ్ళిళ్ళన్నిటికీ, చావులన్నిటికీ మోరి ఊదిన మనిషి, తను మాత్రం ఆషాఢంలో పోయాడు. మోరి లేకుండానే పంపించేశారు. ఫోన్ పెట్టేశాక ఆ మాటే నన్ను పట్టుకుంది. ఎంత ఏడ్చినా వదల్లేదు.

ఆయన పేరు రాయను. వాళ్ళావిడ ఒక్కనాడూ పేరు పెట్టి పిలవలేదు. మాకు ఆయన అన్న. మేం ఇరవై ఏళ్ళవాళ్ళం, ఆయనకి యాభై అయిదు తక్కువ ఉండవు. అయినా అన్నే. దానికో కథ ఉంది.

ఎనిమిదేళ్ళ క్రితం విశాఖ నుంచి ఒక సంస్థవాళ్ళు అరకు వచ్చారు. కొండ ఊళ్ళ పిల్లల్నీ, కింద నుంచి వచ్చి కొట్లు పెట్టుకున్నవాళ్ళ పిల్లల్నీ ఒకచోట కూర్చోబెట్టి సంగీతం చేయిస్తామన్నారు. 'యువ వాద్యబృందం' అని బ్యానరు కట్టారు. మాది కిరాణా కొట్టు. నాన్న విజయనగరం వైపు నుంచి వచ్చి సంతవీధిలో పెట్టాడు. నేను పుట్టింది, పెరిగింది, ఫిడేలు నేర్చుకుంది ఆ లోయలోనే. కొండవాళ్ళు మా కొట్టుకి అల్లం, పిప్పళ్ళు తెచ్చేవారు, ఉప్పూ సబ్బులూ పట్టుకెళ్ళేవారు. వాళ్ళెవరూ మా కొట్టు మెట్టు దాటి లోపలికి రాలేదు. వాళ్ళ ఇళ్ళలో మేము గుక్కెడు మంచినీళ్ళు తాగలేదు. అది తప్పని ఎవరూ అనలేదు, ఒప్పని కూడా అనలేదు. ఎప్పట్నుంచో అలా జరిగిపోతోంది.

ప్రతి శనివారం పాత కాఫీ గోడౌనులో ప్రాక్టీసు. మొదటి రోజు చూడాలి మమ్మల్ని. కొట్లవాళ్ళ పిల్లలం కిటికీ పక్కన, టిఫిను బాక్సులు ఒళ్ళో పెట్టుకుని. చర్చిలో గిటారు వాయించేవాళ్ళు మధ్యలో. తుడుము, డప్పు వాళ్ళు గుమ్మం దగ్గర, ఎప్పుడు పొమ్మంటే అప్పుడు పోవడానికి వీలుగా. వాళ్ళలోనూ వాయించేవాళ్ళ ఇళ్ళు వేరు, ఆడేవాళ్ళ ఇళ్ళు వేరట. ఆ సంగతి నాకు చాలా తర్వాత తెలిసింది. దేవర పాట వాయించడానికి గిటారు ఒప్పుకోదు. ప్రభువు పాటకి డప్పు కదలదు. మేం త్యాగరాజ కీర్తన తప్ప ఇంకేదీ సంగీతం కాదన్నట్టు ముఖాలు పెట్టుకుని కూర్చున్నాం.

మోరి ఊదే కుర్రవాడెవడూ దొరకలేదు. కుర్రాళ్ళందరూ డీజే పెట్టెలకి అలవాటు పడ్డారు. చివరికి ఎవరో ఈయన్ని తీసుకొచ్చారు. బృందంలో చేరాలంటే పాతికేళ్ళు దాటకూడదని రూలు. దరఖాస్తులు నింపే ఆవిడ ఆయన నెరిసిన గడ్డం వైపు, కాగితం వైపు రెండు మూడు సార్లు చూసి, వయసు దగ్గర ఇరవై నాలుగు అని రాసేసింది.

"ఏటి రాసినావమ్మా?"

"ఇరవై నాలుగు."

ఆయన తీవ్రంగా ఆలోచించాడు. "మరి మా ఇంటిదానికి యాభై దాటినాయి. ఇప్పుడేటి సెయ్యాల?"

గోడౌనంతా ఒక్కసారి నవ్వింది. కిటికీ పక్కన మేము, మధ్యలో వాళ్ళు, గుమ్మం దగ్గర వాళ్ళు, అందరం. మేం కలిసి చేసిన మొదటి చప్పుడు అదే. నేను అలవాటు కొద్దీ "తాతా" అనబోతే ఆయన వేలు చూపించాడు. "ఇరవై నాలుగేళ్ళోణ్ణి పట్టుకుని తాతంటావేటి గుంటా? అన్న అను." ఆ రోజు నుంచి ఆయన అన్న. ఆ తర్వాత రెండేళ్ళకి కూడా ఆయన వయసు ఇరవై నాలుగే.

మా పేర్లు ఆయన ఎన్నడూ నేర్చుకోలేదు. నేను ఫిడేలు గుంట, అంటే ఫిడేలు పిల్ల. గిటారు వాయించేవాడు గిటారోడు. తుడుము వాయించేవాడు ఉత్త తుడుము. ముందు నిలబడి చేతిలో సన్నటి పుల్లతో మా అందర్నీ నడిపించే డైరెక్టరు గారు కర్రబాబు. "కర్రబాబు వాయిద్యానికి సప్పుడు రాదు. ఐనా సెమట్లు అందరికంటే ఆయనకే," అనేవాడు, ఆయనకి వినబడేట్టుగానే.

అన్నకి నిదానం. అంత నిదానం నేను ఇంకెవరిలోనూ చూడలేదు. మోరి కొసన తాటాకుతో చేసిన చిన్న పీక ఉంటుంది. అది నానితేగాని పలకదు. జేబులోంచి పాత పొడుం డబ్బా తీసేవాడు. అందులో అరడజను పీకలు. ఒక్కొక్కటీ వెలుగుకి పెట్టి చూసేవాడు. ఒకదాన్ని ఎంచి నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. డైరెక్టరు గారు వాచీ చూసుకుని, "అన్నగారూ, ఒక్క నిమిషం అన్నారు, అయిదు నిమిషాలైంది" అంటే, నోట్లో పీకతోనే చెయ్యెత్తి ఆగమనేవాడు. మేమందరం అలా పుల్లల్లా బిగుసుకుని కూర్చునేవాళ్ళం. అన్న కళ్ళు తెరిచాక గాని ఏదీ మొదలయ్యేది కాదు.

శృతి తగువు కూడా ఆయన వల్లే తీరింది. నాది ఒకటిన్నర, గిటారుది ఇంకేదో. డైరెక్టరు గారు ఫోన్‌లో శృతిపెట్టె పెట్టి దానికి కలపమన్నారు. అందరం కలిపాం. మోరి కలవలేదు. అది కొయ్యని తొలిచి చేసింది, వాళ్ళ తాత చేశాడట. దాని రంధ్రాలు ఎక్కడున్నాయో అక్కడే ఉన్నాయి. "మీ తీగలు తిరగతాయి. నా కర్ర తిరగదు. మీరే రండి," అన్నాడు అన్న, మెత్తగా. మేమే వెళ్ళాం. ప్రతి శనివారం ఆయన గోడౌను నడుమ కూర్చుని ఒకే ఒక్క స్వరం ఊదేవాడు. మేం ఫిడేళ్ళూ గిటార్లూ పట్టుకుని చుట్టూ చేరి, ఒకరి మోకాలు ఒకరికి తగిలేంత దగ్గరగా కూర్చుని, బిరడాలు తిప్పుకుంటూ ఆ స్వరం వెతుక్కునేవాళ్ళం. ఒకటిన్నరకీ రెండుకీ నడుమ ఎక్కడో. మరి కిటికీ పక్కకి ఎవరూ తిరిగి వెళ్ళలేదు. టిఫిను బాక్సులు కూడా అక్కడే విప్పడం మొదలైంది.

ఒక శనివారం నేను మోరి చేత్తో పట్టుకుని చూస్తుంటే, "ఊదు గుంటా," అన్నాడు. మోరిని నా నోటి దాకా తెచ్చాను. పీక తడిగా ఉంది. అంతే, చెయ్యి ఆగిపోయింది. మా ఇంట్లో ఎంగిలి అంటే అమ్మకి ప్రాణం పోయినంత పని. అది ఒక్కటే అయితే ఇంత చెప్పేదాన్ని కాదు. ఆ ఎంగిలి ఎవరిదో కూడా నా చేతికి తెలుసు. అన్న నా ముఖంలోకి చూడలేదు. మోరి తీసుకుని, పీక ఊడదీసి డబ్బాలో వేసుకుని, వేరే మాట ఎత్తాడు. తర్వాతి శనివారం డబ్బా మూత తీసి చూపించాడు. ఎర్ర దారం చుట్టిన కొత్త పీక. "నీ కోసం కోసినాను. ఎవురూ నోట్లో ఎట్టుకోలేదు." నేను సిగ్గుతో చచ్చిపోయాను. "తర్వాత ఊదుతాన్లే అన్నా" అన్నాను. ఆ తర్వాత అనేది రాలేదు.

మేం రెండేళ్ళు కష్టపడి తయారు చేసుకున్నది ఒకే ఒక్క పెద్ద వరస. తుడుము మొదలుపెడుతుంది, ఫిడేళ్ళు అందుకుంటాయి, గిటారు నడుస్తుంది. నడుమలో అందరం ఆగుతాం. తుడుము ఒక్కటే మెల్లగా కొడుతుంటే ఎనిమిది చుట్లు మోరి పాడుతుంది. కొండ మీద పెళ్ళికూతుర్ని పంపేటప్పుడు ఊదే వరస అది. విన్న ప్రతిసారీ నాకు ఎవరో నన్నే ఎక్కడికో పంపేస్తున్నట్టు ఉండేది. ఆ ఎనిమిది చుట్లే అన్న చోటు. ఆ చోటు కోసమే మిగతాదంతా అల్లుకున్నాం.

వేసవిలో ఒకరోజు డైరెక్టరు గారు ఉత్సాహంగా వచ్చి చెప్పారు. విశాఖలో పెద్ద హాలు దొరికింది, ఆగస్టు రెండో వారంలో ప్రదర్శన. "అన్నగారూ, మీకు వీలవుతుంది కదా?"

"అప్పటికి కొర్ర పూత మీదుంటాది బాబూ," అన్నాడు.

"చాలా సంతోషం. ఈ యేడు మంచి పంట పండాలి," అంటూ డైరెక్టరు గారు ఆయన పేరు పక్కన టిక్కు పెట్టుకున్నారు.

అన్న తన మాట తను చెప్పేశాననుకున్నాడు. మేం పంట కబురు చెప్పాడనుకున్నాం. డైరెక్టరు గారు విశాఖ మనిషి, ఆయనకి తెలియకపోవడం తప్పు కాదు. నేను ఆ లోయలో పుట్టినదాన్ని. మా కొట్టుకి అయిదు మైళ్ళ దూరంలో ఉన్న ఊరి కట్టుబాటు నాకూ తెలియదు. ఆ ఊరి అల్లం ధర మాత్రం తెలుసు.

వానలు పడ్డాక అన్న ప్రాక్టీసుకి రావడం మానేశాడు. పొలం పనులు కదా, ఆయన వరస ఆయనకి వచ్చు కదా అని సర్దుకున్నాం. ప్రదర్శన రోజు తెల్లవారి బస్సు ఎక్కే చోటికి మాత్రం అందరికంటే ముందే వచ్చి నిలబడ్డాడు. ఉతికిన పంచె, చంకలో తువ్వాలు చుట్టిన మోరి. విశాఖ చేరి, హాలు వెనక గదిలో ఫిడేళ్ళు తీసి, "అన్నా, శృతి ఇయ్యి" అన్నాం.

"మోరి ఊదకూడదు గుంటా. పూత మీదున్నాదని సెప్పినాను కదా."

డైరెక్టరు గారు బతిమాలారు. కోప్పడ్డారు. మళ్ళీ బతిమాలారు. "ఇక్కడ విశాఖలో ఊదితే అక్కడ అరకులో పూత ఎందుకు రాలుతుంది అన్నగారూ?"

"గాలి సముద్రం మీంచే కదా బాబూ కొండకొస్తాది," అన్నాడు అన్న.

"ఊదనప్పుడు మరి ఎందుకొచ్చావన్నా?" అన్నాను నేను. కోపంగానే అన్నాను.

ఆయన ఆశ్చర్యపోయాడు. "మీరు శృతి కలుపుకోవాల కదేటి?" అన్నాడు. "మోరి ఊదకూడదు. గొంతుతో అనకూడదని లేదు." గది నడుమ కూర్చుని కళ్ళు మూసుకుని నోరు మూసుకుని ఆ స్వరం అన్నాడు. గొంతులో, మోరిలో ఉన్నట్టే, వెంట్రుకవాసి తేడా లేకుండా. మేం చుట్టూ చేరాం. మోకాళ్ళు తగిలాయి. బిరడాలు తిప్పుకున్నాం.

అందరూ కలిశాక కళ్ళు తెరిచి అడిగాడు. "నా వంతు వచ్చినప్పుడు తుడుము ఒక్కటే కొట్టండి. మిగతావోళ్ళు ఊరుకోండి. నాను మనసులో ఊదుకుంటాను."

అందరం సరేనన్నాం. డైరెక్టరు గారూ తల ఊపారు. నేను కూడా ఊపాను, అది మరిచిపోలేను.

తెర తీసే ముందు డైరెక్టరు గారు నన్ను పక్కకి పిలిచారు. ఆయన చెడ్డ మనిషి కాదు. "ఎనిమిది చుట్లు ఖాళీగా ఉంటే జనం ఆగిపోయిందనుకుంటారమ్మా. ఎవడైనా ఒక్కడు నవ్వితే రెండేళ్ళ కష్టం నేలపాలు. మోరి వరస నీకు నోటికి వచ్చు కదా. నువ్వు అందుకో," అన్నారు. నాకు ఇరవై ఒక్క యేళ్ళు. ముందు వరసలో ఎవరెవరు కూర్చున్నారో అప్పటికే చూసి ఉన్నాను. నేను ఒంటరిగా ఎనిమిది చుట్లు. సరేనన్నాను. అన్నకి చెప్పలేదు.

వేదిక మీద అన్న తన చోట్లో కూర్చున్నాడు, మోరి తువ్వాలుతో సహా ఒళ్ళో పెట్టుకుని. తుడుము మొదలైంది. మేం అందుకున్నాం. చోటు వచ్చింది. అందరూ ఆగారు. ఆయన కళ్ళు మూసుకున్నాడు. నేను కమాను ఎత్తాను.

అంత బాగా నేను అంతకుముందు వాయించలేదు, ఆ తర్వాతా వాయించలేదు. రెండో చుట్టులో అన్న కళ్ళు తెరిచాడు. నా వైపు చూడలేదు. ఒళ్ళో మోరి వైపు చూసుకున్నాడు. అయ్యాక జనం చప్పట్లు కొడుతూనే ఉన్నారు. డైరెక్టరు గారు నా చేత ముందుకి వచ్చి నమస్కారం చేయించారు.

తిరుగు బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉంది. శృంగవరపుకోట దాటి ఘాటు రోడ్డు మొదలయ్యాక అన్న వచ్చి కూర్చున్నాడు. మొక్కజొన్న పొత్తు విరిచి సగం నాకు పెట్టాడు.

"బాగా వాయించినావు గుంటా. ఒక్క తప్పు లేదు."

నేను పొత్తు అందుకున్నాను.

"నాను ఊదతన్నాను," అన్నాడు, చాలాసేపయ్యాక. "మొదటి సుట్టు అయిపోనాది. రెండోదానికి వచ్చినాను. నువ్వు అడ్డొచ్చీసినావు."

కోపం లేదు ఆ గొంతులో. పిల్లవాడు ఆడుకుంటున్నది ఎవరో లాక్కుంటే చెప్పినట్టు చెప్పాడు. తిట్టి ఉంటే బాగుండేది. నేను కిటికీ వైపు తిరిగి మొక్కజొన్న గింజలు ఒలుచుకుంటూ కూర్చున్నాను. క్షమించమని అడగడానికి అరకు దాకా రెండు గంటల టైముంది. అడగలేదు.

పండుగ వెళ్ళాక కూడా అన్న గోడౌనుకి రాలేదు. కబురు పంపితే పని ఉందన్నాడు. డైరెక్టరు గారు కీబోర్డు తెప్పించారు. దాంట్లో ఒక మీట నొక్కితే సన్నాయి పలుకుతుంది, వానాకాలమైనా, ఎండాకాలమైనా. దాని శృతి రెండు. అందరం రెండుకి ఎక్కాం. నడుమ కూర్చోవడానికి ఎవరూ లేరు గనక ఎవరి చోట్లో వాళ్ళు ఉండి కలుపుకునేవాళ్ళం. కొన్ని శనివారాలకి నేను చూస్తే, కిటికీ పక్కన మేం, మధ్యలో గిటార్లు, గుమ్మం దగ్గర డప్పులు. ఇలా జరగాలని ఎవరూ అనుకోలేదు. యేడాది తిరక్కుండా బృందం ఆగిపోయింది. ఎవరి దారిన వాళ్ళం ఉద్యోగాల్లో పడ్డాం.

ఆ తర్వాత ఒక్కసారే కనిపించాడు. సంత రోజు, నేను పార్వతీపురం వెళ్ళడానికి బస్సెక్కి కూర్చున్నాను. ఆయన కొండచీపుళ్ళ కట్ట భుజాన పెట్టుకుని కిటికీ కిందికి వచ్చాడు.

"ఏటి గుంటా, ఎలాగున్నాది ఫిడేలు?"

"బాగుందన్నా. నువ్వు?"

"నాకేటి, ఇరవై నాలుగు." నవ్వాడు. తర్వాత, "ఆ యేడు కొర్ర బాగా పండినాది. సెప్పలేదు కదా నీకు," అన్నాడు. బస్సు కదిలింది. ఈసారి నిజంగానే అడగాలనుకున్నాను. నోరు తెరిచేసరికి ఆయన చీపుళ్ళ కట్ట మాత్రమే కనిపించింది, జనం మీదుగా పోతూ.

అప్పట్నుంచి నా గదిలో ఫిడేలు అన్న శృతిలోనే ఉంచుకున్నాను. ఎవరితోనూ కలవని శృతి. దాన్ని నేనొక మొక్కులా మోశాను. లోపల లోపల కొంచెం గర్వం కూడా ఉండేది, ఇంకెవరూ మోయడం లేదు కదా అని.

ఫోనొచ్చాక వెంటనే వెళ్ళాలనిపించలేదు. మోరి మూగగా ఉన్న ఇంటికి వెళ్ళి ఏం చేయను? కొర్రకొత్త కోసం ఆగాను. పండుగ రోజు ఫిడేలు పట్టుకుని అరకులో దిగి, ఆటో ఎక్కి, ఆటో ఆగిపోయిన చోటు నుంచి కాఫీ తోటల్లోంచి నడిచాను. అన్న ఊరికి అదే మొదటిసారి. అయిదు మైళ్ళు, ఇరవై ఏడేళ్ళు పట్టింది.

తుడుము వాయించేవాడు కూడా జీపులో వచ్చాడు. అరుగు మీద కూర్చున్న పెద్దావిడకి నన్ను చూపించి, "ఫిడేలు గుంట," అన్నాడు.

ఆవిడ లేచి నా చేయి పట్టుకుంది. "ఆయన్ని అన్నా అని పిలిసేదానివట కదా. అయితే నాకు ఆడపడుచువి. నాకు యాభై దాటినాయి, నా మొగుడికి ఇరవై నాలుగని ఊరంతా నవ్వినారు," అంటూ నవ్వబోయి ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. కొత్త కొర్రల అన్నం ఆకులో పెట్టింది. తిన్నాను. చెంబుతో నీళ్ళిచ్చింది. ఎత్తకుండా, పెదవి ఆనించి తాగాను.

ఆవిడ వాసం మీంచి మోరి దించింది. పొడుం డబ్బా తెరిచి పీకలు ఏరుతుంటే ఎర్ర దారం కనిపించింది. "ఇది ముట్టకండి. ఎవురిదో దాసి ఉంచినాడు. అడిగితే సెప్పలేదు," అని దాన్ని పక్కకి జరిపింది. నాదని నేను చెప్పలేదు.

అన్న మేనల్లుడు మోరి అందుకుని మొదటి స్వరం ఊదాడు. ఆషాఢం నుంచి ఊరు ఎదురుచూసిన చప్పుడు. పిల్లలు కేకలు పెట్టారు. నేను ఫిడేలు తీసి సా పట్టుకున్నాను.

కలవలేదు.

మళ్ళీ పట్టుకున్నాను. నాది పైన ఉంది. కొంచెమే, కానీ ఉంది. ఇన్నేళ్ళుగా మొక్కులా మోస్తున్నాననుకున్నది అన్న శృతి కాదు. తీగ సడలినప్పుడల్లా జ్ఞాపకంతో బిగించుకుంటూ, బిగించుకుంటూ, నాకు తెలియకుండానే కీబోర్డు వైపు నడుచుకుంటూ పోయాను. మేనల్లుడి దగ్గరికి వెళ్ళి, మోకాలు మోకాలికి తగిలేలా కూర్చున్నాను. "ఇంకోసారి ఊదు బాబూ. వదలకుండా ఊదు," అన్నాను. బిరడా మెల్లగా దించాను. దించాను. కలిసింది.

అతనికి మా పెద్ద వరస రాదు. మోరి వాళ్ళత్త చేతికిచ్చేశాడు. ఆవిడ దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. తుడుము మొదలైంది. నేను అందుకున్నాను. రావలసిన చోటు వచ్చింది. కమాను తీగల మీంచి ఎత్తేశాను. తుడుము ఒక్కటే కొడుతోంది.

"ఏటమ్మా, ఆగిపోనావు?" అంది ఆవిడ.

"ఇక్కడ అన్న ఊదాలి వదినా."

ఆవిడ ఒళ్ళో ఉన్న మోరి వైపు చూసింది. తుడుము చుట్లు తిరుగుతోంది. నేను లెక్కపెట్టుకున్నాను. ఎనిమిదీ అయ్యాయి. మళ్ళీ అందుకోవడానికి కమాను ఎత్తాను.

ఆవిడ చేయి చాపి నా మోచెయ్యి పట్టుకుంది.

"ఆయన బేగి ఊదడమ్మా. పీక నానాల," అంది. "ఇంకాసేపు ఆగు."